నల్లి నిద్రపోనివ్వదు.. పురుగుమందు లేవనివ్వదు!

* పడకగదిలో పంట మందు చల్లితే ప్రాణాలకే ముప్పు
* మరిగే నీరు, ఎండ, ఓపిక.. ఇవే అసలైన ఆయుధాలు
* ఇరుగుపొరుగు కలిసి కదిలితేనే శాశ్వత ఫలితం

నారాయణపేట గ్రామీణం: పగలంతా రెక్కలు ముక్కలు చేసుకున్న శ్రమజీవికి రాత్రి పట్టే నాలుగు గంటల నిద్రే పెన్నిధి. ఆ నిధిని చడీచప్పుడు లేకుండా కొల్లగొట్టే దొంగ నల్లి. ఉలవ గింజంత ఉండే ఈ కీటకం మంచం సందుల్లో తిష్ఠ వేసిందంటే ఇంటిల్లిపాదికీ కంటి మీద కునుకు కరవే. నల్లి బాధపై తెలుగునాట చాటు పద్యాలే పుట్టాయంటే దాని ప్రతాపం ఎంతటిదో ఊహించుకోవచ్చు. అయితే నల్లి కన్నా దానిని చంపడానికి మనం ఎంచుకుంటున్న మార్గాలే నేడు ఎక్కువ ప్రమాదకరంగా పరిణమిస్తున్నాయి. పొలానికి కొట్టగా మిగిలిన మందును మంచానికి కొట్టడం, ధాన్యంలో పెట్టే బిళ్లలను పరుపు కింద పెట్టడం పల్లెల్లోనూ, పట్టణాల్లోని అద్దె గదుల్లోనూ కనిపిస్తున్న పెడధోరణి. నల్లి కాటుతో మనిషి మరణించడు. పంట మందు పీలిస్తే మరణించవచ్చు. ఈ నేపథ్యంలో నల్లుల జీవన విధానం, సురక్షితమైన నివారణోపాయాలపై ప్రత్యేక కథనం.

చెప్పుకోలేని బాధ

ఇంట్లో నల్లులు ఉన్నాయని చెప్పుకోవడానికి చాలామంది సిగ్గుపడతారు. చుట్టాలు రావడం మానేస్తారనో, పిల్లకు సంబంధం చూసేవారు వెనకాడతారనో గుట్టుగా ఉంచుతారు. నల్లి మురికిని తిని బతికే జీవి కాదు. దానికి కావలసినది మనిషి రక్తం, దాగడానికి ఓ సందు. అద్దంలా తుడిచిన ఇంట్లోనూ, నక్షత్రాల హోటల్‌లోనూ అది కాపురం పెట్టగలదు. 2023లో పారిస్ నగరంలో నల్లుల భయం ప్రపంచవ్యాప్తంగా పతాక శీర్షికలకెక్కింది. అదే ఏడాది దక్షిణ కొరియాలోనూ ప్రభుత్వ యంత్రాంగం నల్లుల నిర్మూలనకు నడుం బిగించాల్సి వచ్చింది. కాబట్టి ఇది పేదరికానికి గుర్తూ కాదు, అశుభ్రతకు రుజువూ కాదు. గుట్టుగా దాచిన ఇంట్లోనే నల్లి గుంపుగా పెరుగుతుందన్నది మాత్రం నిజం.

ఎందుకు వదలదంటే..

ప్రపంచంలో మనిషిని పట్టి పీడించే నల్లులు ప్రధానంగా రెండు రకాలు. చల్లని దేశాల్లో అధికంగా ఉండేది సైమెక్స్ లెక్టులేరియస్. మనవంటి ఉష్ణ ప్రాంతాల్లో విస్తరించినది సైమెక్స్ హెమిప్టెరస్. రెండింటికీ రెక్కలు ఉండవు, ఎగరలేవు, గెంతలేవు. నడకలో మాత్రం చురుకైనవి. మనం విడిచే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును, ఒంటి వేడిని పసిగట్టి చీకట్లో దగ్గరికి చేరతాయి. తెల్లవారుజామున వీటి దాడి ఎక్కువ. అయిదు నుంచి పది నిమిషాల్లో కడుపు నింపుకొని తిరిగి సందులోకి జారుకుంటాయి. అందుకే దద్దుర్లు కనిపిస్తాయి గానీ దొంగ దొరకడు.

ఆడ నల్లి తన జీవితకాలంలో రెండు వందలకు పైగా గుడ్లు పెట్టగలదు. గసగసాల గింజంత పరిమాణంలో తెల్లగా ఉండే ఈ గుడ్లు బంకతో చెక్కకు, గుడ్డకు అతుక్కొని ఉంటాయి. దులిపినా రాలవు. వెచ్చని వాతావరణంలో ఇంచుమించు ఆరు నుంచి పది రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. పిల్ల నల్లి పెద్దది కావడానికి అయిదు దశలు దాటాలి. ప్రతి దశలోనూ ఒక్కసారైనా రక్తం తాగాలి. తిండి దొరికితే నెల, నెలన్నరలో అది గుడ్లు పెట్టే స్థితికి చేరుకుంటుంది. తిండి దొరకకపోయినా నెలల తరబడి బతికి ఉండగలదు. ఇల్లు తాళం వేసి వెళ్లి వస్తే చచ్చిపోతాయనుకోవడం భ్రమే. మనుషులు లేని ఇంట్లో కోళ్ల గూడు ఉంటే వాటి రక్తంతోనూ పొట్ట పోసుకుంటాయి.

ఈ లెక్కలోనే నివారణ రహస్యం ఇమిడి ఉంది. ఒకసారి శుభ్రం చేస్తే పెద్ద నల్లులు చస్తాయి, గుడ్లు మిగులుతాయి. వారం, పది రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇంటివారు మందు పనిచేయలేదని భావించి మరింత ఘాటైన విషం కోసం వెతుకుతారు. వాస్తవానికి అవసరమైనది ఘాటైన మందు కాదు, రెండో విడత పని.

గుర్తించడం ఎలా?

నిద్ర లేచేసరికి చేతులు, మెడ, వీపు వంటి బట్ట కప్పని భాగాల్లో దురదతో కూడిన దద్దుర్లు కనిపించడం తొలి సూచన. కొన్నిసార్లు ఇవి వరుసగా ఉంటాయి. కొందరి ఒంటిపై ఏ గుర్తూ కనిపించదు. కాబట్టి ఒక్కరికే దద్దుర్లు వచ్చాయని మిగిలినవారిని నల్లి కుట్టలేదనుకోరాదు. దోమకాటు, గజ్జి కూడా ఇలాగే దురద పెడతాయి. వేళ్ల సందుల్లో దురద రాత్రిపూట ఎక్కువవుతుంటే గజ్జి అయ్యే అవకాశం ఉంది. వైద్యుడికి చూపించాలి.

ఒంటిని చూసి కాక పడకను చూసి నిర్ధారించుకోవడం మేలు. టార్చిలైటు పట్టుకొని ఈ కింది చోట్ల వెతకాలి.

* మంచం కోళ్లు, పట్టెలు కలిసే బెజ్జాలు, నులక ముడులు, నవారు మడతలు.
* పరుపు అంచు కుట్లు, దిండు గలీబు మూలలు, బొంత అతుకులు.
* ఇనుప మంచమైతే గొట్టాల చివరలు, మర రంధ్రాలు.
* మంచం పక్క గోడ పగుళ్లు, ద్వారబంధం సందులు, పాత క్యాలెండర్లు, పటాల వెనుక భాగం.
* కుర్చీ అల్లిక, సోఫా అడుగు, చెక్క బల్ల సొరుగులు.

సిరా చుక్కల్లాంటి నల్లని మచ్చలు నల్లి విసర్జన. దుప్పటిపై ఎర్రని మరకలు నలిగిన నల్లి ఆనవాళ్లు. పలుచని గోధుమ రంగు పొట్టు అది విడిచిన కుబుసం. సంఖ్య పెరిగితే గదిలో ఒక రకమైన వెగటు వాసన వస్తుంది.

ప్రాణం మీదికి తెచ్చే పొరపాట్లు

పంట మందులు: పత్తికి, వరికి కొట్టే మందులు ఆరుబయట గాలి, ఎండ సోకే చోట వాడటానికి తయారైనవి. నాలుగు గోడల మధ్య చల్లితే ఆవిరి గదిలోనే నిలుస్తుంది. పరుపు, బొంత ఆ మందును పీల్చుకొని రోజుల తరబడి వదులుతుంటాయి. పక్కలో పడుకునే పసిపిల్లలకు, గర్భిణులకు, ఉబ్బసం ఉన్న వృద్ధులకు అది మరింత హానికరం. ఒకప్పుడు నల్లులపై విరివిగా చల్లిన డైక్లోర్వాస్ మందుపై దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధం అమలులో ఉంది. పాత డబ్బా ఇంట్లో మిగిలి ఉన్నా వాడరాదు.

ధాన్యం బిళ్లలు: అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలకు గాలిలోని తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. అది గోడ పగుళ్ల గుండా, తలుపు సందుల గుండా పక్క గదికీ, పక్క ఇంటికీ పాకుతుంది. ఈ విషానికి విరుగుడు మందు లేదు. మూడు గ్రాముల బిళ్లలు 10, 20 చొప్పున ఉండే గొట్టాలను కేంద్ర ప్రభుత్వం 2001లోనే నిషేధించడం గమనార్హం. నివాస గృహంలో ఈ బిళ్లను వాడటమంటే మృత్యువును పిలిచి పక్క వేసినట్లే.

కిరసనాయిలు, పెట్రోలు: తగిలిన నల్లి చావవచ్చు గానీ సందు లోపలి గుడ్లకు చేటు జరగదు. దూది పరుపు, నులక, చెక్క.. అన్నీ మండేవే. బీడీ నిప్పు చాలు ఇల్లు బుగ్గి కావడానికి.

డీడీటీ: 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక ఇంటింటా గోడలకు డీడీటీ కొట్టేవారు. దోమలతో పాటు నల్లులు కూడా చావడంతో జనం సంతోషించారు. ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. అమెరికాలోని హవాయి సైనిక శిబిరంలో 1947 నాటికే డీడీటీకి లొంగని నల్లులు బయటపడ్డాయి. తర్వాత అనేక దేశాల్లో అదే పరిస్థితి ఎదురైంది. నేడు దుకాణాల్లో దొరికే పైరెథ్రాయిడ్ రకం స్ప్రేలకూ చాలాచోట్ల నల్లులు అలవాటు పడ్డాయి. మోతాదు పెంచినంత మాత్రాన అవి లొంగవు. మనకే హాని.

నాఫ్తలీన్ ఉండలు, కర్పూరం, వేపాకు పొగ: వాసనకు కొన్ని నల్లులు చోటు మారవచ్చు. సందులోని గుంపు చావదు. పసిపిల్లల బట్టల్లో నాఫ్తలీన్ ఉండలు పెట్టడం అసలే తగదు.

వేడికి లొంగని నల్లి లేదు

మందుకు అలవాటు పడిన నల్లి కూడా వేడికి తలవంచక తప్పదు. 48 డిగ్రీల సెల్సియస్ వేడిలో పెద్ద నల్లులు 20 నిమిషాల్లో చస్తాయి. గుడ్లకు అదే వేడి దాదాపు గంటన్నర కావాలి. వేడి 50 డిగ్రీలు దాటితే మరింత త్వరగా నశిస్తాయి. మరిగే నీరు తగిలితే నల్లీ, గుడ్డూ రెండూ అక్కడికక్కడే అంతం. మంచాన్ని వాకిట్లో వేసి కోళ్ల బెజ్జాల్లో మరిగే నీళ్లు పోసిన మన అవ్వల పద్ధతి శాస్త్రసమ్మతమే. ఆ పద్ధతిలో లోపించినదల్లా వారం తర్వాత తిరిగి చేయడం.

మొదటి రోజు పని:

* పక్కబట్టలు, దుప్పట్లు, గలీబులను గదిలోనే మూటగట్టి బయటికి తేవాలి. విడిగా మోసుకొస్తే నల్లులు దారి పొడవునా రాలతాయి.
* బట్టలను వేడినీళ్లలో గంటసేపు నానబెట్టి ఉతకాలి. నీరు 60 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి. అంటే చేయి పెట్టలేనంత వేడి. ఉతకలేని వాటి మడతలకు ఇస్త్రీ పెట్టె వేడి తగిలించాలి.
* నులక, నవారు విప్పి మరిగే నీళ్లలో వేయాలి. బాగా పాడైతే కాల్చివేసి కొత్తది అల్లించుకోవడం మంచిది.
* మంచాన్ని ఆరుబయట వేసి ప్రతి సందులో, ప్రతి రంధ్రంలో మరిగే నీళ్లు నిదానంగా పోయాలి. సన్నని మూతి ఉన్న కెటిల్ అయితే నీరు లోపలికంటా వెళుతుంది. ఈ పని చేసేటప్పుడు పిల్లలను దూరంగా ఉంచాలి.
* గోడ పగుళ్లను గట్టి పుల్లతో గీకి, రాలిన వాటిని సబ్బు నీళ్లలో వేయాలి. ఆపై పగుళ్లను సిమెంటుతో గానీ లప్పంతో గానీ పూడ్చాలి. స్విచ్‌బోర్డుల దగ్గర నీళ్లు చల్లరాదు.
* చిమ్మిన చెత్తను వెంటనే కాల్చివేయాలి లేదా మూట బిగించి దూరంగా పారవేయాలి.

ఎండతో కొంత జాగ్రత్త: పరుపును మిద్దెపై ఆరేస్తే చాలనుకుంటాం. పైభాగం కాలుతుంటే నల్లులు చల్లగా ఉండే అడుగు భాగానికి చేరతాయి. మందపాటి పరుపు మధ్యలోకి ఎండ వేడి చేరదు. బట్టలు, పలుచని బొంతలనైతే నల్లని పాలిథిన్ సంచుల్లో పలుచగా పరచి, మూతి బిగించి, వేసవి ఎండలో పగలంతా ఉంచి, మధ్యలో తిరగేయాలి. రెండు మూడు రోజులు ఇలా చేస్తే మేలు. పరుపుకు మాత్రం కుట్ల వెంబడి వేడి ఇస్త్రీ పెట్టె లేదా ఆవిరి పట్టించి, చుట్టూ జిప్పు ఉండే మందపాటి గలీబు తొడగాలి. లోపల చిక్కినవి బయటికి రాలేక ఆకలితో చస్తాయి. ఆ గలీబును కనీసం ఏడాదిపాటు తీయరాదు.

మంచానికి కాపలా: శుభ్రం చేసిన మంచాన్ని గోడకు జానెడు దూరంలో వేయాలి. నాలుగు కోళ్ల కింద నాలుగు గిన్నెలు పెట్టి సబ్బు కలిపిన నీళ్లు పోయాలి. ఉష్ణ ప్రాంతాల నల్లి నున్నని గోడలను కూడా ఎక్కగలదు. అందువల్ల ఖాళీ గిన్నె సరిపోదు, నీరు ఉండాల్సిందే. దుప్పటి, దోమతెర అంచులు నేలను తాకితే ఈ కాపలా వృథా. నీళ్లను రెండు రోజులకోసారి మార్చకపోతే నల్లి పోయి దోమ వస్తుంది.

రెండో, మూడో విడత: వారం నుంచి పది రోజుల లోపు మళ్లీ ఇదే పని చేయాలి. గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు పెద్దవై తిరిగి గుడ్లు పెట్టకముందే వాటిని తుదముట్టించడం దీని ఉద్దేశం. మరో పది రోజులకు మూడోసారి చేయాలి. ఆ తర్వాత రెండు నెలలపాటు ఒక్క నల్లీ, ఒక్క కొత్త మచ్చా కనిపించకపోతే ఇల్లు గెలిచినట్లే.

వలస మూటలో వచ్చే అతిథి

పాలమూరు ప్రాంతం నుంచి ముంబయి, పుణె వంటి నగరాలకు పనుల కోసం వలస వెళ్లడం తరతరాలుగా ఉన్నదే. అక్కడ ఇరుకు గదుల్లో, పని స్థలాల్లోని రేకుల షెడ్లలో పదుల సంఖ్యలో కూలీలు ఒకేచోట పడుకుంటారు. ఒకరి పక్కలోని నల్లి మరొకరి మూటలోకి చేరడానికి ఒక్క రాత్రి చాలు. పండుగకో, తొలకరికో ఊరికి వచ్చినప్పుడు ఆ మూటలోనే అది ఇల్లు చేరుతుంది. ఇందులో వలస వెళ్లినవారి తప్పేమీ లేదు. వసతి గృహంలో చదివే విద్యార్థి ట్రంకుపెట్టె, సంతలో కొన్న పాత మంచం, ఎవరో ఇచ్చిన సోఫా కూడా నల్లికి వాహనాలే.

* ఊరి నుంచి తెచ్చిన మూటను ఇంట్లోకి తీసుకువెళ్లకుండా వాకిట్లోనే విప్పాలి. బట్టలను నేరుగా వేడినీళ్లలో వేయాలి. సంచిని, పెట్టెను మూలలు పరీక్షించి ఎండలో పెట్టాలి.
* సెలవులకు వచ్చిన పిల్లల పెట్టెను మంచంపై పెట్టనీయరాదు.
* పాత మంచాలు, కుర్చీలు కొంటే మరిగే నీళ్లు పోశాకే లోనికి తేవాలి.
* బస చేసిన గదిలో సామాను నేలపైనో, పడకపైనో కాక ఎత్తయిన బల్లపై ఉంచాలి. పడుకునే ముందు పరుపు మూలలు ఎత్తి చూడాలి.
* ఇంట్లో కోళ్ల గూడు ఉంటే పడకగదికి దూరంగా మార్చాలి. దాని చెక్కలను కూడా మరిగే నీళ్లతో కడగాలి.

మందు తప్పనిసరైతే..

ఇల్లంతా పాకి, వేడినీళ్లతో అదుపు కాని స్థితిలో మందు అవసరపడవచ్చు. అప్పుడు లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ నిర్వాహకులనే పిలవాలి. ఏ మందు వాడుతున్నారో పేరు అడిగి రాసుకోవాలి. రెండో విడత ఎప్పుడు వస్తారో ముందే మాట్లాడుకోవాలి. ఒక్కసారికే అన్నీ పోతాయని హామీ ఇచ్చేవారిని నమ్మరాదు. సొంతంగా కొనేటట్లయితే నల్లులకు, ఇళ్లలో వాడకానికి అని డబ్బాపై స్పష్టంగా ఉన్న దానినే ఎంచుకోవాలి. మన దేశంలో పురుగుమందుల డబ్బాలపై విష తీవ్రతను తెలిపే రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అత్యంత తీవ్రం, పసుపు ఎక్కువ తీవ్రం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. ఎరుపు, పసుపు గుర్తులున్న డబ్బాకు పడకగదిలో చోటు లేదు.

మందు కొట్టినప్పుడు పిల్లలు, పశువులు, కోళ్లు, తినుబండారాలు, తాగునీటి కుండలు బయట ఉండాలి. చెప్పిన గడువు ముగిసి, తలుపులు, కిటికీలు తెరిచి గాలి ఆడాకే లోనికి వెళ్లాలి. పక్క ఇంటివారికి, పక్క గదివారికి ముందుగా తెలియజేయడం బాధ్యత. గోడ ఒకటే అయినప్పుడు గాలి కూడా ఒకటే కదా!

విషం సోకిందన్న అనుమానం వస్తే

మందు కొట్టిన గదిలో ఉన్నవారికి వాంతులు, తలతిరుగుడు, అతిగా చెమట, నోటి వెంట చొంగ, ఛాతీ బిగుసుకుపోవడం, ఊపిరి ఆడకపోవడం వంటి లక్షణాలు కనిపిస్తే క్షణం ఆలస్యం చేయరాదు. ముందుగా ఆరుబయటకు తీసుకురావాలి. గదిలో వాయువు ఉందని తెలిస్తే రక్షించేవారూ తలుపులు తెరవకుండా లోపలికి దూకరాదు. మందు పడిన బట్టలు తీసి ఒంటిని సబ్బుతో కడగాలి. బలవంతంగా వాంతి చేయించడం, పసర్లు తాగించడం కూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. మందు డబ్బాను లేదా పేరు రాసిన కాగితాన్ని ఆసుపత్రికి వెంట తీసుకెళితే వైద్యుడికి చికిత్స తేలికవుతుంది.

నల్లి కాటుకు మాత్రం ఇంత ఆందోళన అక్కర్లేదు. సబ్బుతో కడిగి, తడిగుడ్డ వేసి, కాలమైన్ లోషన్ రాస్తే దురద తగ్గుతుంది. గోకితే పుండై చీము పడుతుంది. చీము, జ్వరం, ఒళ్లంతా వాపు కనిపిస్తే వైద్యుడిని సంప్రదించాలి. నల్లుల ద్వారా మనుషులకు అంటువ్యాధులు సోకుతాయని ఇంతవరకు రుజువు కాలేదు. అయితే నెలల తరబడి నిద్ర లేకపోవడం, తీవ్రంగా కుట్టినచోట చిన్నపిల్లల్లో రక్తహీనత ఏర్పడటం తేలికగా తీసుకోదగినవి కావు.

ఒక్క ఇంటితో తీరేది కాదు

గోడకు గోడ ఆనుకొని ఉన్న ఇళ్లలో ఒకరు నల్లులను తరిమితే అవి పక్కింట్లో తలదాచుకొని, పది రోజులకు తిరిగొస్తాయి. అందుకే వాడకట్టులోని ఇళ్లన్నీ ఒకే రోజున మంచాలు బయట వేయడం ఉత్తమం. ఒక పెద్ద గాబు, నాలుగు మోపుల కట్టెలు, సగం రోజు పని.. ఖర్చు ఇంతే. అదే పనిని వారం తర్వాత మరోసారి, ఆపై ఇంకోసారి చేయాలి. వసతి గృహాల్లోనూ ఒక గదికే పరిమితం కాకుండా అన్ని గదులనూ ఒకేసారి శుభ్రపరిస్తేనే ప్రయోజనం.

ఇందుకు తొలి మెట్టు సిగ్గు విడిచి పక్కింటివారికి చెప్పడం. మా ఇంట్లో నల్లులున్నాయి, మీ ఇంట్లోనూ చూసుకోండి అన్న ఒక్క మాట ఏ పురుగుమందు కన్నా బలమైనది. ఆ మాట చెప్పలేక రాత్రికి రాత్రి పడకగదిలో విషం చల్లి తలుపులు బిగించుకున్న ఇంట్లో తెల్లవారేసరికి ఎవరు లేస్తారో, ఎవరు లేవరో ఎవరూ చెప్పలేరు. నిద్ర కోసం చేసే పోరాటం శాశ్వత నిద్రకు దారి తీయరాదు.